వేడి చేసిన నీలం కొనవచ్చా? సిద్ధాంతిగారు వద్దంటున్నారు

మట్టెవాడ, వరంగల్ నుంచి:
అందరికీ నమస్కారం. వచ్చే మాఘంలో మా నాన్నగారి షష్టిపూర్తి. అక్కాచెల్లెళ్లం కలిసి నాన్నకు నీలం ఉంగరం, అమ్మకు కెంపు కమ్మలు చేయిద్దామనుకున్నాం. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో రాళ్లు చూశాం. నీలం సుమారు మూడు క్యారెట్లు, లంక రాయి. సహజమైనదేనని, వేడి చేసిన ఆనవాళ్లు ఉన్నాయని ల్యాబ్ కాగితంలో ఉంది. ధర మేం అనుకున్నదాని కంటే ఎక్కువే. కెంపులు మాత్రం పెద్దవి, దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి. జత ధర నీలంలో పదో వంతు కూడా లేదు. వాటికి కాగితం లేదు. అడిగితే "ఇవీ వేడి చేసినవే, అంతటా మామూలే" అన్నారు. హనుమకొండలో మా సిద్ధాంతిగారేమో నిప్పు తగిలిన రాయి పనికిరాదంటున్నారు. నాకు ఫలితాల పట్టింపు లేదు. నాన్న వేలికి కల్తీ రాయి పెట్టకూడదు, అంతే. వేడి చేయడమంటే రంగు వేసినట్టేనా? కొన్నాళ్లకు వెలిసిపోతుందా?

కరీంనగర్ నుంచి (రాళ్లు పొదిగే పని):
అమ్మా, మీ భయమంతా నీలం మీద ఉంది. నాకు ఆ కెంపుల మీద అనుమానంగా ఉంది.

ముందు నీలం సంగతి. కెంపు, నీలం, కనకపుష్యరాగం మూడూ ఒకే ఖనిజం, కురువిందం. అందులో క్రోమియం ఉంటే ఎరుపు, ఇనుము, టైటానియం రెండూ ఉంటే నీలం. లంకలో గేవుడా అనే మసక రాయి దొరుకుతుంది. దానిలో టైటానియం ఉన్నా, రూటైల్ అనే సన్నని సూదుల రూపంలో విడిగా ఉండిపోతుంది. కొలిమిలో ఆక్సిజన్ తక్కువగా ఉండేలా చూసి, 1,500 నుంచి 1,800 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచితే ఆ సూదులు కరిగిపోతాయి. టైటానియం రాయిలోనే ఇమిడి ఇనుముతో జతకడుతుంది. మసక విడిపోయి నీలిరంగు పైకి వస్తుంది. బయటి నుంచి రంగేమీ చేరలేదు కాబట్టి వెలిసిపోవడమన్నది ఉండదు. లంకలో ఎవరూ లెక్కచేయని గేవుడాను 1970లలో థాయ్ వ్యాపారులు చవకగా కొనుక్కుపోయి, ఇలాగే మేలురకం నీలాలుగా మార్చారు.

నిప్పు నిన్నమొన్నటి పద్ధతి కూడా కాదు. కెంపులను కాల్చి రంగు తేర్చడం గురించి 11వ శతాబ్దంలోనే అల్ బిరూనీ రాశాడు. లంకలో ఊదుగొట్టంతో బొగ్గుల నిప్పు మీద ఈ పని తరతరాలుగా చేస్తున్నారు. సిద్ధాంతిగారిది నమ్మకం, అందులో నేను తలదూర్చను. నిప్పు తగలని నీలమే కావాలంటే దొరుకుతుంది. కానీ అదే రంగుకు ధర బాగా ఎక్కువ. కాగితం చూడకుండా ఆ ధర పెట్టకండి.

ఇక కెంపులు. పెద్దవి, ఎర్రనివి, చవకవి, పైగా కాగితం లేదు! ఈ నాలుగూ ఒకచోట చేరితే నేను ముందు అడిగేది సీసం గాజు గురించే. పగుళ్లతో నిండిన నాసిరకం కురువిందాన్ని ఆమ్లంతో కడిగి, సీసం కలిపిన గాజును సుమారు 900 డిగ్రీల దగ్గర కరిగించి ఆ పగుళ్లలోకి ఎక్కిస్తారు. కాంతి ఆ గాజులో కూడా ఇంచుమించు కెంపులో వంగినట్టే వంగుతుంది కాబట్టి పగుళ్లు కంటికి ఆనవు. ఇలాంటివి 2004 ప్రాంతం నుంచి బజారులో ఉన్నాయి. వీటిని "వేడి చేసినవి" అనడం అబద్ధం కాదు గానీ, అసలు సంగతి దాచడమే. నిమ్మరసం కూడా ఆ గాజును తినేస్తుంది. పండుగకు నగలు తోముకునే ఇంట్లో అలాంటి కమ్మలు ఎన్నాళ్లు నిలుస్తాయి? కంసాలి మంట తగిలినా అంతే.

మధ్యరకం ఇంకొకటి ఉంది. బర్మాలోని మోంగ్ సూ గనుల కెంపులు 1990ల మొదట్లో బజారుకు వచ్చాయి. వాటి నడిమి భాగం నల్లగా, నీలంగా ఉంటుంది. కాలిస్తే ఆ నలుపు పోతుంది. కాల్చేటప్పుడు వెలిగారం వాడితే పగుళ్లు కూడా మానుతాయి, కానీ లోపల కొంచెం గాజు మిగులుతుంది. అది ఎంత మిగిలిందో మంచి ల్యాబ్ కాగితంలో రాస్తుంది. దీన్ని నేను తప్పుపట్టను. చెప్పి అమ్మితే చాలు.

కాజీపేట నుంచి:
కరీంనగర్ పెద్దాయన చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. పుష్యరాగం కొనేవాళ్లు బెరీలియం గురించి కూడా అడగాలి. రాయిని బెరీలియంతో కలిపి సుమారు 1,800 డిగ్రీలలో ఉంచితే, ఆ చిన్న పరమాణువులు లోపలి దాకా పాకి పసుపు, నారింజ రంగులు తెస్తాయి. 2001 తర్వాత ఇవి బజారులో పడ్డాయి. ఇక్కడ రంగు బయటి పదార్థం వల్ల వచ్చింది, కాబట్టి ఉత్త వేడి చేసినదాని ధర దీనికి ఇవ్వకూడదు. దుకాణంలో భూతద్దంతో ఇది తేలదు, పెద్ద ల్యాబ్‌కే పంపాలి. 1972లో మొదలైన జైపూర్ జెమ్ టెస్టింగ్ ల్యాబరేటరీ లాంటి చోటికి పంపితే మాట తెగుతుంది.

జగిత్యాల నుంచి (ప్రస్తుతం దుబాయ్):
అన్నా, ఇక్కడ టాంజనైట్ చాలా అమ్ముతున్నారు. మా ఆవిడకు తీసుకుందామనుకుంటున్నాను. అదీ కాల్చినదేనా? మన దగ్గర పుష్యరాగానికి బదులు ఇచ్చే సునెలా సంగతేమిటి?

కరీంనగర్ నుంచి:
తమ్ముడూ, టాంజనైట్ దాదాపు అంతా కాల్చినదే. 1967లో టాంజానియాలోని మెరెలానీ దగ్గర బయటపడిన రాయి అది. తవ్వినప్పుడు ఎక్కువగా గోధుమరంగులో ఉంటుంది, 500, 600 డిగ్రీలకే నీలి ఊదాగా మారుతుంది. నిశ్చింతగా తీసుకో. కాకపోతే మెత్తని రాయి, రోజూ పెట్టుకునే ఉంగరానికి వద్దు, లాకెట్‌కు బాగుంటుంది. సునెలాలో చాలా భాగం ఊదారంగు జమునియాను (అమెథిస్ట్) కాల్చి పసుపు చేసినదే. సునెలా ధరకు సునెలాగా కొంటే పేచీ లేదు.

మట్టెవాడ నుంచి:
అందరికీ ధన్యవాదాలు. నీలం ఖాయం చేస్తున్నాం. కెంపులను ల్యాబ్‌కు పంపమంటే దుకాణంవాళ్లు "అంత చిన్న వస్తువుకు ఎందుకు" అంటున్నారు. నేనే ఏమైనా చూసి పట్టుకోగలనా?

కరీంనగర్ నుంచి:
గాజు సంగతి చాలావరకు పట్టుకోవచ్చమ్మా. పది రెట్లు పెద్దగా చూపే లూప్ (నగల పనివాళ్ల చిన్న భూతద్దం) తీసుకెళ్లండి. దీపం కింద రాయిని మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. లోపల నీలి మెరుపులు తళుక్కుమని పోతున్నా, గుండ్రని గాలిబుడగలు కనిపించినా అది గాజు నింపిన రాయే. ఇవేవీ కనిపించకపోయినా కాగితం మాత్రం అడగండి. "గాజు నింపలేదు" అని బిల్లు మీద రాసివ్వనంటే కమ్మలకు ఇంకో దుకాణం చూడండి. చిన్నవైనా మంచి కెంపులు తీసుకోండి, అమ్మగారి చెవులకు అవే అందం. ఇంకొకటి, ఏ రాయైనా సరే, ఎప్పుడైనా ఉంగరం సైజు మార్పించినా, కమ్మకు టంకం పెట్టించినా ముందు రాయిని ఊడదీయించండి. కంసాలి తొందరపడినా ఒప్పుకోకండి.