టీషర్టు మీద కుట్టిన లోగో బట్ట పాడవకుండా తీయొచ్చా?

ప్రశ్న (విజయవాడ): కాలర్ టీషర్టు, కాటన్ అల్లిక. ఛాతీ మీద ఎంబ్రాయిడరీ లోగో. ఒంటి మీద కంపెనీ ప్రకటన మోయడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఎలా తీయాలండీ?

జవాబు 1: తిరగేయండి. లోపల కాగితంలాంటి పొర, దాని మీద సన్నటి బాబిన్ దారం (మిషన్ కింది వైపు నుంచి కుట్టే దారం) కనిపిస్తాయి. ఆ దారాన్నే కుట్లు విప్పే పుల్లతో కొంచెం కొంచెంగా తెంపాలి. తర్వాత పై రంగు దారాన్ని ముందు వైపు నుంచి పట్టకారుతో లాగితే వచ్చేస్తుంది. ముందు నుంచి బ్లేడు మాత్రం పెట్టొద్దు. అల్లికలో ఒక్క పోగు తెగినా చిల్లు ఉతికేకొద్దీ పెరుగుతుంది. చివర్లో ఆవిరి ఇస్త్రీ చేసి గోటితో రుద్దండి, సూది రంధ్రాలు చాలావరకు మూసుకుంటాయి.

జవాబు 2: ముదురు రంగు, బాగా వాడినదైతే వద్దు. లోగో కింద బట్ట వెలవదు, అదే ఆకారంలో మచ్చ మిగులుతుంది. సరిపోయే జేబు కుట్టించి కప్పేయడం మేలు.

జవాబు 3: అసలు లోగోలో తప్పేముంది? 1933 నుంచి ఫ్రెంచ్ కంపెనీ లకోస్త్ చొక్కాకి మొసలే గుర్తు. నా అభ్యంతరమల్లా నకిలీ లోగోలతోనే. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 104 కింద అవి అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు. అంతకంటే బీసెంట్ రోడ్డులో సాదా టీషర్టు అడిగి కొనుక్కోండి.