కానిస్టేబుల్ భర్తీ డేటా: అభ్యర్థులు ఎక్కడ జారిపోతున్నారో తేల్చడం ఎలా?

ఎక్సెల్_గుంటూరు (ప్రశ్న):
ఏపీలో 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ రాసినవాళ్లు నాలుగున్నర లక్షల పైచిలుకు, గట్టెక్కినవాళ్లు 95 వేల పైచిలుకు. ఇలాంటి భర్తీలో అభ్యర్థులు ఏ దశలో తగ్గారో, చేరినవాళ్లు ఎందుకు మానేస్తున్నారో లెక్క తీయాలి. ఒక్కో దశకు శాతం వేస్తే సరిపోతుందా?

గ్రౌండ్_లెక్కలు:
సరిపోదండి. ముందు ‘రాలేదు’, ‘వచ్చి తప్పారు’ అని రెండు కాలమ్‌లు విడగొట్టండి. మీరు చెప్పిన భర్తీలోనే దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు ఆఖరుకు గానీ మొదలవలేదు. ప్రిలిమ్స్‌కూ వీటికీ మధ్య దాదాపు 23 నెలలు. అంతకాలంలో వేరే ఉద్యోగం చూసుకున్నవాళ్లు, సాధన వదిలేసినవాళ్లు గ్రౌండ్‌కే రారు. వాళ్లను కూడా ఫెయిలైనవాళ్లలో కలిపేస్తే తప్పు పరుగు ప్రమాణం మీదకు పోతుంది, జాప్యం వల్ల జరిగిన నష్టం కనబడదు.

వచ్చినవాళ్ల 1600 మీటర్ల టైమింగ్‌ను 15 సెకన్ల చొప్పున విడగొట్టి చూడండి. హద్దు దాటిన 30 సెకన్లలోపే ఎక్కువమంది ఉంటే కొన్ని వారాల ముందస్తు శిక్షణతో వాళ్లను అందుకోవచ్చు. నిమిషం పైగా వెనకబడినవాళ్లకు అది చాలదు. బ్యాచ్ పరుగెత్తిన వేళ కూడా నమోదు చేయండి, పొద్దున ఆరింటి బ్యాచ్, ఎండెక్కాక పదిన్నరకు పరుగెత్తిన బ్యాచ్ ఒకటి కావు. ఏపీ, తెలంగాణ ఉత్తీర్ణత శాతాలను మాత్రం పోల్చొద్దు: పురుషులకు ఇక్కడ 8 నిమిషాలు, తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో 7 నిమిషాల 15 సెకన్లు. అక్కడ మహిళలకు పరుగే 800 మీటర్లు.

నిలకడ_గ్రాఫ్:
మానేసినవాళ్ల సర్వీసు సగటు తీయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఆ లెక్కలోకే రారు. కొత్త బ్యాచ్ సగటు ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఐదేళ్లు చేసి మానేయడానికి వాళ్లకు ఐదేళ్లు నిండలేదు కదా. కాప్లాన్-మేయర్ పద్ధతి వాడండి, ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లను కూడా లెక్కలో ఉంచి, ఎన్నాళ్లకు ఎంతమంది మిగులుతున్నారో చూపే గణాంక పద్ధతి ఇది. మనిషికో వరుస: చేరిన తేదీ, మానేసిన తేదీ (ఉంటే), లేకపోతే డేటా తీసిన తేదీ, మానేస్తే 1, ఉంటే 0.

రాజీనామా లేఖలో ‘సొంత కారణాలు’ అని ఉంటే దాన్నుంచి తెలిసేదేమీ లేదు. శిక్షణలో వదిలేయడం, వేరే ప్రభుత్వ ఉద్యోగం, ఎస్సైగా ఎంపిక, తొలగింపు, మరణం, ఇలా కోడ్‌లు పెట్టండి. ఎస్సై అయిన కానిస్టేబుల్ శాఖను వదల్లేదు, నష్టంలో కలపొద్దు. ఇరవైమంది ఉన్న స్టేషన్‌లో ఇద్దరు వెళ్తే 10 శాతం అవుతుంది. దాన్ని చూసి అక్కడి ఎస్‌హెచ్‌ఓను (స్టేషన్ బాధ్యత చూసే అధికారిని) వేలెత్తి చూపడం అన్యాయం. సబ్‌డివిజన్ మొత్తానికి మూడేళ్ల డేటా కలిపి చూడండి.

ఇంకోమాట: ‘ఇతను మానేస్తాడు’ అని మోడల్ చెప్పిన స్కోరును ఎంపికలోకి రానివ్వకండి. నోటిఫికేషన్‌లో లేని కొలమానంతో ఒకరి ఉద్యోగం పోకూడదు.

ఎక్సెల్_గుంటూరు:
చాలా ఉపయోగపడిందండి. ఎస్సై, కానిస్టేబుల్ జాబితాలను పేరుతో కలపబోతే పొంతన కుదరడం లేదు.

గ్రౌండ్_లెక్కలు:
పేరుతో కుదరదు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఇంకోచోట చివర. పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన ఏడాది, పుట్టిన తేదీ, మూడూ కలిపి జత చేయండి. నంబరు కాలమ్‌ను టెక్స్ట్‌గానే దిగుమతి చేసుకోండి, లేకపోతే ముందున్న సున్నాలు ఎక్సెల్‌లో ఎగిరిపోతాయి. జత కుదిరాక నంబరుకు రహస్య పదం చేర్చి హాష్ చేసి (అంటే అసలు నంబరు కనబడని కోడ్‌గా మార్చి), పేర్లు, ఫోన్ నంబర్లు తీసేయండి. ఆ పదం లేకుండా హాష్ చేస్తే హాల్‌టికెట్ నంబర్లు వరుసగా ప్రయత్నించి ఎవరు ఎవరో ఇట్టే కనిపెట్టేస్తారు.