లాక్స్టన్ పారిష్ పటం చదవడం ఎలా? (1635 నాటి ఇంగ్లీషు పల్లె)

ప్రశ్న – రేవు_విశాఖ
వచ్చే నెల విశాఖలో మా చరిత్ర గుంపు కలిసినప్పుడు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో ఉన్న లాక్స్టన్ అనే పల్లె గురించి తెలుగులో చెప్పాలి. మూడు చోట్ల అడ్డం తగులుతోంది. పారిష్ అంటే మన రెవెన్యూ గ్రామమా, పంచాయతీయా? 1635 పటం నిండా ఉన్న సన్న చారలు ఏమిటి? విస్తీర్ణం 2-1-16 అని రాసుంటే సెంట్లలో ఎంత?

జవాబు – గెడ్డగట్టు
ముందు ఒక జాగ్రత్త. ఇంగ్లండులో లాక్స్టన్‌లు మూడున్నాయి. నార్తాంప్టన్‌షైర్‌లో ఒకటి, ఈస్ట్ యార్క్‌షైర్‌లో ఒకటి, మీది నాటింగ్‌హామ్‌షైర్‌ది. జిల్లా పేరు చేర్చకుండా వెతికితే మూడూ కలిసిపోతాయి.

పారిష్ మొదట్లో చర్చి ఆయకట్టు. ఏ చర్చికి పంటలో పదో వంతు చెల్లించాలో ఆ నేలంతా ఒక పారిష్. 1601 పేదల చట్టంతో పేదల పోషణకు పన్ను వేసి వసూలు చేసే పని కూడా దాని నెత్తిన పడింది. 1894 చట్టంతో పారిష్ కౌన్సిళ్లు వచ్చాక పాలనా పారిష్, చర్చి పారిష్ వేరుపడ్డాయి. హద్దులు రెండింటికీ ఒకటే అనుకోకండి. ఇప్పటి పాలనా పారిష్ పేరు 'లాక్స్టన్ అండ్ మూర్‌హౌస్'. మూర్‌హౌస్ అక్కడి శివారు పల్లె. మన రెవెన్యూ గ్రామానికీ దానికిందున్న శివారుకీ ఉండే సంబంధంలాంటిదని చెబితే వినేవాళ్లకి వెంటనే అందుతుంది.

జవాబు – బోదె_కాలువ
ఆ చారలు ఎందుకో తెలియాలంటే నేల దగ్గర మొదలెట్టాలి. అక్కడిది నీళ్లు ఇంకని బరువైన ఎర్ర బంకమట్టి. మడకతో మట్టిని మధ్యకి తిప్పుతూ దున్నగా దున్నగా నడుమ మిట్టా, రెండు పక్కలా కాలువా ఏర్పడతాయి. వాననీరు ఆ కాలువల్లోంచి పోతుంది. అనకాపల్లి చెరుకు బోదెల్ని బాగా వెడల్పు చేసి ఊహించుకోండి. కొన్ని చారలు తిరగేసిన ఎస్ అక్షరంలా వంకర పోతాయి. గీసినవాడి చేయి వణికి కాదు, పొడవాటి ఎద్దుల వరస చివర తిరగాలంటే ముందునుంచే పక్కకి మళ్లాలి కాబట్టి.

ఒక్కో రైతు చారలు, అంటే అతని వంతు సన్నటి పొలం ముక్కలు, వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అనే మూడు పెద్ద పొలాల్లో చెదిరి ఉండేవి. మొదటి ఏడు గోధుమ, రెండో ఏడు వసంతంలో వేసే పంట (బార్లీ, బఠానీలాంటివి), మూడో ఏడు బీడు. బీడులో ఊరి పశువులన్నీ మేసేవి, అందుకే ఎవడి చారకీ కంచె ఉండేది కాదు. దారి తప్పి పైరులో పడ్డ పశువుని తోలేది పిన్‌ఫోల్డ్‌కి, అంటే అచ్చంగా మన బందెలదొడ్డికి. దున్నడానికి వీలుకాని చిత్తడి పల్లాల్ని 'సైక్' అంటారు. వాటిలో గడ్డి మాత్రమే ఉంటుంది, దాన్ని వేలం వేస్తారు.

కంచె లేకపోతే గొడవ ఎక్కడొస్తుందో మనకి తెలిసిందే: పక్కవాడి చారలోకి ఒక చాలు, దారిలోకి ఒక చాలు. అందుకని ఏటా నవంబరు చివర్లో రైతుల జ్యూరీ గోధుమ వేసిన పొలమంతా నడిచి, హద్దుల్లో మేకులు దిగగొట్టి, హద్దు దాటి దున్నినవాళ్ల పేర్లు రాసుకుంటుంది. కోర్ట్ లీట్ అనే కచేరీలో జరిమానా పడుతుంది. ఇప్పటికీ నడుస్తున్న పద్ధతి ఇది. ఇంగ్లండు అంతటా పొలాలకి కంచెలు పడినా లాక్స్టన్‌కి మాత్రం పడలేదు.

జవాబు – పాతపటాలు
బోదె_కాలువ గారూ, చివరి మాట కొంచెం సవరించాలి. లాక్స్టన్‌లోనూ చాలా భూమికి కంచెలు పడ్డాయి, మిగిలింది ఆ మూడు పొలాల్లో కొంత భాగమే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చిన్న చారలు కలిపేశారు కూడా. 1635 పటం పట్టుకుని ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో చారలు లెక్కపెడితే కుదరదు.

ఆ పటం సర్ విలియం కోర్టెన్ కోసం మార్క్ పియర్స్ గీసింది, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దానికి జోడీగా ఏ చార ఎవరిదో, ఎంతో రాసిన పుస్తకముంది. మన ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం), అడంగల్ (ఏ నేల ఎవరిదో రాసే గ్రామ లెక్క) జంటలాగా ఒకటి లేకుండా రెండోది సగమే.

ఇక 2-1-16. ఎకరాలు, రూడ్లు, పెర్చ్‌లు అన్నమాట. ఎకరాకి 4 రూడ్లు, రూడుకి 40 పెర్చ్‌లు. కాబట్టి రూడు 25 సెంట్లు, పెర్చ్ 0.625 సెంటు. 2 ఎకరాలు + 25 సెంట్లు + 16 × 0.625 = 10 సెంట్లు. మొత్తం 2 ఎకరాల 35 సెంట్లు. దీన్ని 2.116 అని ఎక్సెల్‌లో కొట్టేసి తర్వాత మొత్తాలు కలవక తల పట్టుకోవడం మామూలే. మూడు గళ్లలో విడివిడిగా ఎక్కించండి.

ఫర్లాంగుకీ రెండర్థాలు. 220 గజాల పొడవు ఒకటి, ఒకే దిక్కుకి దున్నిన చారల గుంపు ఇంకోటి. పుస్తకంలో 'ఫలానా ఫర్లాంగులో' అంటే రెండోది. 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు కలిస్తే 4,840 చదరపు గజాలు, అంటే మన ఎకరమే. ఆ 22 గజాలే గొలుసు. మన ఎఫ్‌ఎంబీలో రాసే లింకులు దాంట్లో నూరో వంతులు.

జవాబు – రేవు_విశాఖ
చాలా థాంక్సండీ. చర్చి రిజిస్టర్లు కూడా చూపిద్దామనుకుంటున్నా. తేదీల్లో ఏమైనా చిక్కుందా?

జవాబు – గెడ్డగట్టు
ఉంది. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్లో 10 ఫిబ్రవరి 1650 అనుంటే మన లెక్కకి 1651. అందుకే 1650/51 అని రెండూ రాయండి. రిజిస్టర్లు పెట్టమని ఉత్తర్వు 1538లో వచ్చినా 1640ల అంతర్యుద్ధం నుంచి 1660 దాకా చాలా చోట్ల ఖాళీలుంటాయి. ఆ ఏళ్లలో పేరు కనబడకపోతే మనిషి ఊరొదిలేశాడని తేల్చేయకండి. ఇంకోటి, వాటిలో ఉండేది బాప్తిస్మం తేదీ, పుట్టినరోజు కాదు. అలాగే చావు కాదు, ఖననం తేదీ.