ఎత్తు పంపేశాక కూడా "నా వంతు" గుర్తే కనిపిస్తోంది: కరస్పాండెన్స్ గేముల గుర్తులు చదవడం ఎలా?

ప్రశ్న:
స్కిడ్ అనే చెస్ డేటాబేస్ ప్రోగ్రాములో కరస్పాండెన్స్ చెస్ (ఒక్కో ఎత్తుకు రోజుల తరబడి సమయం తీసుకుని దూరం నుంచి ఆడే చెస్) విండో వాడుతున్నాను. సర్వర్ నుంచి గేములు ఎక్స్‌ఎఫ్‌సీసీ (చెస్ సర్వర్‌తో ప్రోగ్రాము మాట్లాడే పద్ధతి) ద్వారా తెచ్చుకుంటాను. ఎత్తు పంపేశాక కూడా ఆ గేము పక్కన నా వంతు అన్న గుర్తే ఉంటోంది. ఎత్తు చేరినట్టా, చేరనట్టా? ఇంకోటి, పుస్తకం, డేటాబేస్, ఇంజిన్ గుర్తులు ఒక్కో గేముకు ఒక్కోలా ఉన్నాయి. నా కంప్యూటర్లో ఏవి ఉన్నాయో చెబుతున్నాయా అవి?

మొదటి జవాబు:
ఆ గుర్తు మీరు చివరిసారి గేములు తెచ్చుకున్నప్పటి పరిస్థితి అండీ, ఇప్పటిది కాదు. ఎక్స్‌ఎఫ్‌సీసీలో మనం అడిగితేనే సర్వర్ చెబుతుంది, తనంతట తాను కబురు పెట్టదు. ఇంకోసారి తెచ్చుకోండి, మారుతుంది. అప్పటికీ మారకపోతే సర్వర్ వెబ్‌సైటులో లాగిన్ అయి బోర్డు చూడండి. అది చూడకుండా అదే ఎత్తు మళ్లీ పంపకండి.

రెండోది అసలైన ప్రశ్న. అవి మీ కంప్యూటర్ సంగతి కాదు, ఆ గేములో దేనికి అనుమతి ఉందో చెప్పేవి. ఓపెనింగ్ పుస్తకాలు (ఆట ఆరంభపు ఎత్తులు), డేటాబేసులు (పాత గేములు), టేబుల్‌బేసులు (కొద్ది పావులే మిగిలిన స్థితులకు ముందే లెక్కగట్టిన ఫలితాలు), ఇంజిన్లు (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాములు), ఈ నాలుగింటికీ విడివిడిగా ప్రతి గేముతో పాటు సర్వర్ సమాచారం పంపుతుంది. ఐసీసీఎఫ్ (అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య) గేముల్లో ఇంజిన్ వాడొచ్చు. లీచెస్ అనే చెస్ సైటు కరస్పాండెన్స్‌లో ఓపెనింగ్ పుస్తకం చూసుకోవచ్చు గానీ ఇంజిన్ నిషేధం. మిగతా గుర్తులు పొరపాటుగా చదివితే మహా అయితే ఒక గేము పోతుంది, ఇది పొరపాటైతే ఖాతాయే పోవచ్చు. గుర్తుకూ టోర్నమెంటు నిబంధనలకూ తేడా కనిపిస్తే నిబంధనలనే నమ్మండి.

రెండో జవాబు:
గడియారం గుర్తు గురించి కూడా ఒక మాట. ఎత్తుకు ఇన్ని రోజులు అని పెట్టే చోట ప్రతి ఎత్తుకూ గడువు మొదటి నుంచి మొదలవుతుంది. ఐసీసీఎఫ్‌లో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక పద్ధతి 10 ఎత్తులకు 50 రోజులు, వాడని రోజులు మిగులుతాయి. కాబట్టి రెండు చోట్లా "మూడు రోజులే ఉంది" అని కనిపించినా ఒకటి కాదు. మొదటి చోట అది మామూలే, రెండో చోట నిజంగా కంగారు పడాలి.

అడిగినవారు:
తెచ్చుకోగానే మారిందండీ, థాంక్స్. ఇంకో గేములో ప్రత్యర్థి డ్రా అడిగినట్టు గుర్తు వచ్చింది. ఊరుకుంటే పోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఊరుకుంటే మీ గడియారం నడుస్తూనే ఉంటుంది. ఒప్పుకుంటే డ్రా, ఎత్తు వేస్తే తిరస్కరించినట్టే. అందుకే వంతు గుర్తు చూసి అలవాటుగా ఎత్తు వేసేయకుండా, పక్కన డ్రా గుర్తు ఉందేమో ముందు చూడండి.

రెండో జవాబు ఇచ్చినవారు:
అయిపోయిన గేములు పీజీఎన్‌లో (చెస్ గేములు రాసిపెట్టే టెక్స్ట్ ఫైలు పద్ధతి) దాచుకునేవారైతే ఇదీ చూసుకోండి. ఫలితం 1-0 అని ఉంటే తెల్ల గెలిచిందని తెలుస్తుంది గానీ, చెక్‌మేట్ అయిందా, గడువు దాటిపోయిందా అన్నది తెలియదు. దానికి టెర్మినేషన్ అనే ట్యాగ్ వేరే ఉంది, చాలా ఫైళ్లలో దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నేనైతే గడువు దాటి ముగిసిన గేములకు అది చేత్తోనే రాసుకుంటాను, లేకపోతే తర్వాత ఓపెనింగ్ లెక్కలు చూసేటప్పుడు అవీ మంచి గెలుపుల్లో కలిసిపోతాయి.