సంఘం పుస్తకాల గదికి ఎలాంటి మార్గదర్శక పుస్తకాలు కొనాలి?

ప్రశ్న: దేవరకొండ పాఠకురాలు

అందరికీ వందనాలు. మాది నల్గొండ జిల్లా దేవరకొండకు దగ్గరలోని ఒక పల్లె. ప్రార్థన మందిరం పక్కనున్న చిన్న గదిని పుస్తకాల గదిగా మార్చాలని మా క్రైస్తవ సంఘ పెద్దలు నిర్ణయించి, పుస్తకాలను ఎంపిక చేసే పనిని నాకు అప్పగించారు. స్త్రీల సమాజం కూడబెట్టిన కొద్ది మొత్తం తప్ప మాకు వేరే నిధులు లేవు కాబట్టి, కొనే ప్రతి పుస్తకాన్నీ ఎవరో ఒకరు నిజంగా చదవాలన్నది నా పట్టుదల.

గదికి రాబోయేవాళ్లు ఒక్క తీరువాళ్లు కారు. ఇంటర్ చదివే పిల్లలున్నారు. హైదరాబాద్‌కూ ముంబైకీ పనులకు పోయి, పండుగలకూ పంటల కాలానికీ తిరిగొచ్చే యువకులున్నారు. భర్తను పోగొట్టుకుని, అప్పులనూ పిల్లల చదువులనూ ఒంటిచేత్తో ఈదుకొస్తున్న తల్లులున్నారు. పాటలు కట్టాలని, బొమ్మలు వేయాలని ఆశపడే సండే స్కూలు పిల్లలున్నారు. చూపు సరిగా ఆనని పెద్దవాళ్లున్నారు. క్రైస్తవులు కాని ఇరుగుపొరుగువారు కూడా వచ్చి చదువుకోవచ్చని మా అయ్యగారు ముందే చెప్పారు; ఆ మాట నాకెంతో నచ్చింది.

నా సందేహం ఏమిటంటే, దుకాణాల్లో మార్గదర్శక పుస్తకాలుగా అమ్ముతున్నవాటిలో చాలావరకు అందరి కష్టాలకూ తమ దగ్గరే జవాబు ఉందని అట్ట మీదనే హామీ ఇస్తున్నాయి. డబ్బు, చదువు, దాంపత్యం, ఆరోగ్యం, విశ్వాసం అన్నింటినీ ఒక పలుచని పుస్తకంలో సర్దినప్పుడు, అప్పుల్లో ఉన్న తల్లికి గానీ బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి గానీ అందులో ఏమి దొరుకుతుందో నాకు అర్థం కావడం లేదు. బతుకుతెరువుకు పనికొచ్చేవి, కళకు ఊతమిచ్చేవి, మనసుకు ఓదార్పునిచ్చేవి, విశ్వాసాన్ని బలపరిచేవి వేర్వేరుగా కొనాలా? క్రైస్తవ పుస్తకాలు మాత్రమే ఉంచాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: మహబూబ్‌నగర్ విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, వేర్వేరుగానే కొనండి. బతుకుతెరువుకు, ఆరోగ్యానికి సంబంధించిన పుస్తకం విషయంలో రచయిత ఏ మతస్థుడని కాక, ఆ పని అతనికి తెలుసా లేదా అని మాత్రమే చూడండి. జ్వరం వచ్చిన పిల్లవాడికి ఎప్పుడు నీళ్లు తాగించాలో, ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలో సరిగ్గా చెప్పిన పుస్తకం, దానిలో ఒక్క బైబిల్ వాక్యం లేకపోయినా, ప్రార్థన మందిరంలో ఉండదగినదే.

ఆ వరుసలో నేను మొదట చెప్పేది డేవిడ్ వెర్నర్ రాసిన ‘వైద్యుడు లేని చోట’. మెక్సికో కొండ పల్లెల్లో పనిచేసిన అనుభవంతో ఆయన దానిని మొదట స్పానిష్‌లో రాశారు. ఇంగ్లీషులో 1977లో వచ్చింది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. బొమ్మలతో, అక్షరాలు కూడబలుక్కుని చదివేవారికి కూడా అందేలా ఉంటుంది. అయితే వైద్యం మారుతూ ఉంటుంది కనుక పాత ముద్రణలోని మందుల పేర్లనూ మోతాదులనూ నమ్ముకోవద్దని లోపలి అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి, బయటికి అడగలేని ప్రశ్నల గురించి ‘సవాలక్ష సందేహాలు’ ఉంది. దానిని బీరువాలో దాచకుండా, చేతికి అందే చోట ఉంచాలని నా మనవి.

అప్పుల సంగతి అడిగారు. ఇక్కడ బైబిలే మంచి ఆచరణ గ్రంథం. సామెతల గ్రంథం ఆరవ అధ్యాయం, ఇరవై రెండవ అధ్యాయం చివరి భాగం చూడండి: ఇతరుల అప్పుకు పూచీ పడితే ఎంత ప్రమాదమో, చెల్లించలేని రోజున పడుకున్న పరుపు కూడా పోతుందని ఎంత సూటిగా హెచ్చరించారో కనిపిస్తుంది. గ్రూపులో ఒకరి కిస్తీకి మరొకరు పూచీ పడే మన ఊళ్ల ఆడవాళ్లకు ఇంతకంటే దగ్గరి మాట ఉండదు. ఆ అధ్యాయం చదివిన రోజునే వడ్డీ లెక్క కట్టడం నేర్పే పాఠం కూడా పెట్టండి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ముప్పై ఆరు శాతమని తెలిసిన మనిషి సంతకం పెట్టే ముందు ఆగుతుంది.

ఇంటర్ పిల్లల కోసం మీరు డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. తెలుగు అకాడమీ పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు గ్రంథాలయాల్లో దొరుకుతాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం కదా, ఆ హక్కును వాడుకోవాలి. పిల్లల కోసమైతే నేషనల్ బుక్ ట్రస్ట్, ‘మంచి పుస్తకం’ అనే సంస్థ వారి ప్రచురణలు తక్కువ ధరకు వస్తాయి. జపాన్ రచయిత్రి తన చిన్ననాటి బడి గురించి రాసిన ‘రైలు బడి’ తప్పక ఉండాలి. పోలియో వచ్చిన స్నేహితుణ్ణి ఆ చిన్న పిల్ల ఎంతో శ్రమపడి చెట్టెక్కించే ఘట్టం చదివిన పిల్లలకు కరుణ గురించి వేరే పాఠం అవసరం లేదు.

జవాబు: నల్గొండ నర్సు

చెల్లెమ్మా, నేను ఆసుపత్రి వార్డులో పనిచేస్తాను, సంఘంలో దుఃఖంలో ఉన్నవారిని పరామర్శించే బృందంలోనూ ఉన్నాను. కాబట్టి మనసుకు సంబంధించిన పుస్తకాల గురించే రాస్తాను. ఈ అరలో పుస్తకాలు తక్కువైనా ఫరవాలేదు, చెడ్డది ఒక్కటి కూడా ఉండకూడదు.

చెడ్డ పుస్తకం అని దేనిని అంటున్నానంటే, కుంగుబాటుకు విశ్వాసం చాలకపోవడమే కారణమని చెప్పేది, మాత్రలు మానేసి ప్రార్థన మాత్రమే చేయమని చెప్పేది, మరణించినవారి కోసం ఏడవడం అవిశ్వాసమని చెప్పేది. అలాంటి మాట నమ్మి మందులు ఆపినవారిని వార్డులో చూసినదాన్ని కనుక, అట్ట మీద ఎంత పెద్ద బోధకుని పేరున్నా వాటిని గదిలోకి రానివ్వవద్దని బతిమాలి చెబుతున్నాను.

బైబిల్ అలా మాట్లాడదు. మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదవ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూర్చుని ఇక చావు ఇమ్మని దేవుణ్ణి అడుగుతాడు. దేవదూత అతనికి ఉపదేశం చేయలేదు, గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, అతడు మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తరువాత, హోరేబు కొండ దగ్గర. యోబు గ్రంథంలో, పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట లేకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నంత వరకు మంచివాళ్లుగానే ఉన్నారు; నోరు తెరిచి కారణాలు వెతకడం మొదలుపెట్టాకే అతని గాయాన్ని రేపారు, చివరికి దేవుడే వాళ్లను తప్పుపట్టాడు. ఎనభై ఎనిమిదవ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది. దానిని ఆశతో ముగించాలని ఎవరూ సవరించలేదు. దుఃఖంలో ఉన్న మనిషికి ఈ మూడు భాగాలను పెద్ద అక్షరాలలో రాసి ఇవ్వగలిగితే, ఎన్నో పుస్తకాల కంటే మేలు.

డిగ్రీ చదివి ఇంగ్లీషు వచ్చినవాళ్లుంటే సి. ఎస్. లూయిస్ అనే రచయిత తన భార్య 1960లో చనిపోయాక రాసుకున్న చిన్న పుస్తకం ‘ఎ గ్రీఫ్ అబ్జర్వ్డ్’ తెప్పించండి. విశ్వాసాన్ని సమర్థిస్తూ ఎన్నో పుస్తకాలు రాసిన మనిషి, దేవుని తలుపు మూసుకుపోయినట్లుందని అందులో దాచుకోకుండా రాశాడు. 1961లో దానిని వేరే పేరుతో ప్రచురించాడు. చదివిన మనిషికి తన ప్రశ్నలు పాపం కావని తెలుస్తుంది, ఆ ఊరట చిన్నది కాదు.

తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన ‘ఎడారిలో సెలయేర్లు’ కూడా ఉంచండి. భర్త మంచం పట్టిన ఏళ్లలో తనను నిలబెట్టిన మాటలను శ్రీమతి కౌమన్ ఏర్చి కూర్చిన పుస్తకం అది, 1925లో వెలువడింది. రోజుకొక పేజీ కనుక అలసిపోయిన మనిషి కూడా చదవగలదు. అయితే శ్రమల వెనుక ఉద్దేశం గురించి అది ఎక్కువగా చెబుతుంది కాబట్టి, నిన్ననే బిడ్డను పాతిపెట్టిన తల్లి చేతిలో పెట్టకండి. కొన్ని నెలలు గడవనివ్వండి.

నిద్ర లేకుండా, తిండి లేకుండా, చావు మాటలు మాట్లాడే మనిషికి పుస్తకం ఇచ్చి ఊరుకోకూడదు. ఎవరైనా తోడుండి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత నంబరు 14416ను గది తలుపు మీద రాసి పెట్టండి, తెలుగులో మాట్లాడతారు.

జవాబు: గద్వాల నేత కుటుంబం నుంచి

నర్సు అక్కయ్య చెప్పినదంతా నిజం. నేను కళ గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే సంఘాలలో అందరికంటే నిర్లక్ష్యానికి గురయ్యేవారు బొమ్మలు వేసే పిల్లలే.

నిర్గమకాండము ముప్పై ఒకటి, ముప్పై అయిదు అధ్యాయాలను వాళ్లతో చదివించండి. దేవుని ఆత్మతో నిండినవాడని అక్కడ చెప్పినది ప్రవక్త గురించి కాదు, బంగారం, రాయి, చెక్క మీద పనిచేసే బెసలేలు అనే పనివాని గురించి. నేతగాళ్ల పేరు కూడా ఆ వరుసలోనే వస్తుంది. పైగా ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా దేవుడు అతనికి ఇచ్చాడని ఉంది. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును కలిపే మా ఇళ్లలో ఆ వాక్యం చదివిన రోజున మా నాన్న మగ్గం ఆపి మళ్లీ చదవమన్నాడు.

పాటలు కట్టే పిల్లలకు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ ఇవ్వండి. పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసిన ఆ పుస్తకంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఒక్కొక్కటి ఒక్కో పాఠం. ఇప్పటి పాటల్లో సగం ఒకే బాణీలో నడవడానికి ఆ పుస్తకాన్ని పక్కన పెట్టడమే కారణమని నా నమ్మకం. పద్యం మీద ఇష్టం ఉన్నవారికి గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’ ఉండాలి. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కావ్యం అది, క్రైస్తవేతరులైన పొరుగువారు కూడా ఇష్టంగా చదువుతారు. వీటన్నిటితో పాటు గీతలు లేని తెల్ల కాగితాల నోటుపుస్తకాలు, రంగు పెన్సిళ్లు కొనండి.

జవాబు: నాగర్‌కర్నూల్ సంఘ కాపరి

సహోదరీ, విశ్వాస గ్రంథాల గురించి ఒక్క సూచన. కొత్తవాటి వెంట పడకుండా ‘యాత్రికుని ప్రయాణము’తో మొదలుపెట్టండి. గిన్నెలకు మాట్లు వేసి బతికిన జాన్ బన్యన్, అనుమతి లేకుండా బోధించినందుకు పన్నెండేళ్లు జైలులో ఉన్న మనిషి, 1678లో దానిని ప్రచురించాడు. నిరాశ అనే ఊబిలో పడిన యాత్రికుణ్ణి చేయి అందించి బయటికి లాగేవాడు ఒకడున్నాడు. నిరాశ అనే రాక్షసుని చెరలో పడినప్పుడు తాళం చెవి అప్పటికే తన రొమ్ములో ఉందని అతనికి గుర్తొస్తుంది. కథ కనుక పనులకు పోయి వచ్చిన యువకులు కూడా వింటారు. మా దగ్గర శనివారం రాత్రులు కొన్ని పేజీల చొప్పున చదివి వినిపిస్తున్నాం.

ఏ ఉపదేశ గ్రంథాన్నైనా కొనే ముందు, అది పాఠకుణ్ణి లేఖనం వైపూ తోటి మనుషుల వైపూ పంపుతున్నదా, లేక రచయిత మరో పుస్తకం వైపూ కానుకల వైపూ పంపుతున్నదా అని నాలుగు పేజీలు తిరగేసి చూడండి. ఇంత కానుకగా విత్తితే ఇంత తిరిగి వస్తుందని లెక్క చెప్పే పుస్తకాన్ని అప్పుల్లో ఉన్న తల్లి చేతికి ఇవ్వడం అన్యాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నర్సు అక్కయ్య చెప్పిన మూడు భాగాలనూ ఈ వారమే పెద్ద అక్షరాలలో రాయిస్తాను. ఒక్కటే మిగిలింది: చదవడం రాని పెద్దవాళ్లకు ఏమి చేయాలి?

జవాబు: మహబూబ్‌నగర్ విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, ఇంటర్ పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్దమనిషిని అప్పగించి, వారానికి ఒక గంట చదివి వినిపించమనండి. ఏ పుస్తకం చదవాలో ఆ పెద్దవాళ్లనే ఎంచుకోనివ్వండి. అంతా అయ్యాక, వాళ్లు తమ సంఘం మొదటి రోజుల గురించి, పాత కరువుల గురించి చెప్పే మాటలను ఆ పిల్లల చేతనే ఒక నోటుపుస్తకంలో రాయించి, దానిని కూడా నంబరు వేసి మీ అరలోనే పెట్టండి. చదవడానికి ఇంటికి ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ రిజిస్టరులో రాయండి, కానీ ఆలస్యానికి జరిమానా మాత్రం పెట్టకండి. జరిమానాకు భయపడి మొదట మానేసేది మీరు ఎవరి కోసం గది తెరిచారో వాళ్లే.