నాన్నకు పచ్చసొన పెట్టాలా, పిల్లికి పెట్టాలా?

పర్లాకిమిడి వాసి:
నాన్నకు 61 ఏళ్లు, షుగరుంది. పోయిన నెల పరీక్షలో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువొచ్చింది. అప్పట్నుంచి అమ్మ గుడ్డు ఉడకబెట్టి తెల్లసొన ఆయనకు, పచ్చసొన పిల్లికి వేస్తోంది. పిల్లి బలిసింది, నాన్న అలిగారు. పచ్చసొన నిజంగా అంత చెడ్డదా?

రాయగడ జిమ్ము:
నేను రోజూ ఆరు తెల్లసొనలే తింటాను. పచ్చదాంట్లో కొవ్వు తప్ప ఏముంది?

గుణుపురం టీచర్:
ఏముందా! గుడ్డులో ఉండే ఆరు గ్రాముల ప్రోటీన్‌లో రెండున్నర దాకా పచ్చసొనలోదే. ఎ, డి విటమిన్లు, కోలిన్ అనే పోషకం అన్నీ దాదాపు అందులోనే. బడిలో పిల్లలు దాన్ని పక్కన పెట్టేస్తే నాకు ఉసూరుమంటుంది.

ఈ భయం పాతది. 1968లో అమెరికా గుండె సంఘం రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్, వారానికి మూడు పచ్చసొనలు దాటొద్దంది. ఒక్క పచ్చసొనలోనే 185 దాకా ఉంటుంది మరి. 2015లో ఆ దేశపు ఆహార సూచనల్లోంచి 300 హద్దు తీసేశారు. ఒంట్లో కొలెస్ట్రాల్ చాలావరకు కాలేయమే తయారు చేస్తుంది. రక్తంలో దాన్ని బాగా పెంచేది సంతృప్త కొవ్వు. గుడ్డులో అది గ్రామున్నర. పామాయిల్లోనైతే దాదాపు సగం అదే.

బరంపురం పెద్దాయన:
టీచర్ గారూ, హద్దు తీసేశారు గానీ ఎంతైనా తినమనలేదు. కొలెస్ట్రాల్ వీలైనంత తగ్గించమని ఆ సూచనల్లోనే ఉంది. రోజుకొక గుడ్డు అన్నది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మాట. షుగరున్నవాళ్లు ఎక్కువ గుడ్లు తింటే గుండె జబ్బులు పెరిగాయని కొన్ని పరిశీలనలు చెప్పాయి. కొన్ని కాదన్నాయి. కొందరికి గుడ్లు తింటే రక్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కొందరికి కదలదు. నేనైతే వారానికి మూడో నాలుగో ఉడికించి పెట్టి, మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తాను. ముందు డాక్టరును అడగండి.

గుణుపురం టీచర్:
అది ఒప్పుకుంటాను. జిమ్ము బాబూ, నీ ఆరు పచ్చసొనలు ఎవరికి పోతున్నాయి?

రాయగడ జిమ్ము:
అమ్మ కూరలో వేస్తుంది. ఆ కూర నేనే తింటాను. ఇప్పుడే తెలిసింది.

బరంపురం పెద్దాయన:
పర్లాకిమిడి వారూ, నాన్నగారు బయట ఏం తింటారు?

పర్లాకిమిడి వాసి:
అడిగాను. రోజూ పొద్దున్న బస్టాండు దగ్గర నాలుగు బరాలు (మన గారెల్లాంటివే), ఘుగుని (బఠానీల కూర). ఈ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.