సినిమాలన్నీ అయిపోయాయి, ఇప్పుడు అసలు కామిక్స్ చదవాలి, ఏవి కొనాలో చెప్పండి

గచ్చిబౌలి గుడ్లగూబ:
అందరికీ నమస్తే. చాలా బేసిక్ డౌట్, నవ్వకండి ప్లీజ్. మార్వెల్ సినిమాలు, బ్యాట్‌మ్యాన్ సినిమాలు దాదాపు అన్నీ చూసేశా, హైటెక్స్‌లో కామిక్ కాన్ పెడితే దానికి కూడా పోయొచ్చా, టీషర్ట్ కొన్నా పోస్టర్ కొన్నా, తీరా పుస్తకాల స్టాల్ దగ్గరికొచ్చేసరికి ఏది తీసుకోవాలో తెలీక ఉత్తచేతుల్తో వచ్చేశా. నెట్‌లో "తప్పక చదవాల్సినవి" అని వెతికితే ప్రతి లిస్టులో అవే పేర్లు, ఏది ముందు ఏది తర్వాత ఎవడూ చెప్పడు. ఇంకో సంగతేంటంటే నేను టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంగ్లిష్ చదువుతా కానీ స్లో, ఆఫీసు మెయిల్స్ చదవడం వేరు కథ చదవడం వేరు కదా. నెలకి ఒకటి, మహా అయితే రెండు కొనగలను. సూపర్‌హీరోలే కావాలని రూలేం లేదు. చిన్నప్పుడు చందమామ, అమర్ చిత్ర కథ చదివా, అంతకుమించి ఈ లైన్లో ఏం తెలీదు.

చిక్కడపల్లి బొమ్మలోడు:
నవ్వేదేముంది బ్రో, ఇక్కడ సగం మంది సినిమాలు చూసొచ్చినోళ్లే. ముందు ఒక మాట, ఆ లిస్టులన్నిట్లో ఫస్ట్ ఉండే వాచ్‌మెన్‌తో మాత్రం మొదలుపెట్టకు. గొప్ప పుస్తకమే, కాదనట్లేదు, కానీ అది సూపర్‌హీరో కథలు బాగా చదివేసిన వాళ్లకి ఆ కథల లోపలి డొల్లతనం చూపించే పుస్తకం, 1986-87లో పన్నెండు ఇష్యూలుగా, అంటే విడివిడి పల్చటి పుస్తకాలుగా వచ్చింది, దాదాపు ప్రతి చాప్టర్ వెనకా బొమ్మల్లేకుండా పేజీలకి పేజీలు ఉత్త టెక్స్ట్ ఉంటది. నువ్వు చెప్పిన స్పీడ్‌కి అక్కడ ఆగిపోయి, ఈ కామిక్స్ మనవల్ల కాదులే అనుకుని అటక మీద పెట్టేస్తావ్.

బ్యాట్‌మ్యాన్ తెలుసు కాబట్టి బ్యాట్‌మ్యాన్ ఇయర్ వన్ తీసుకో. 1987లో వచ్చింది, ఫ్రాంక్ మిల్లర్ రాశాడు, డేవిడ్ మాజుకెల్లి బొమ్మలేశాడు, నాలుగంటే నాలుగే ఇష్యూల కథ, దానికి ముందు ఏం జరిగిందో తెలియక్కర్లేదు. పేరుకి బ్యాట్‌మ్యాన్ కథ కానీ సగం పోలీసాయన గోర్డన్‌దే, పోలీసు డిపార్ట్‌మెంట్ మొత్తం లంచాలు తింటుంటే వీడొక్కడు తినడు, వాడి ఇంట్లో వాడికున్న తలనొప్పులు వాడికి ఉంటాయి, వాడు కూడా మరీ మంచోడేం కాదు. అది నచ్చితే అదే మిల్లర్ 1986లో చేసిన డార్క్ నైట్ రిటర్న్స్, అందులో బ్యాట్‌మ్యాన్ యాభై దాటిన ముసలాడు, రిటైరై మళ్లీ బయటికొస్తాడు, పేజీ నిండా చిన్న చిన్న ప్యానెల్స్‌లో (బొమ్మల గళ్లలో) టీవీ యాంకర్లు వాగుతూనే ఉంటారు, మొదట్లో చిరాకేస్తది, మన న్యూస్ చానెళ్ల డిబేట్లు చూసే అలవాటుంటే త్వరగా పట్టేస్తావ్. కిల్లింగ్ జోక్ కూడా అందరూ చెప్తారు, బ్రయన్ బోలండ్ బొమ్మలకి దండం పెట్టాలి, కానీ జోకర్ ఎంత దుర్మార్గుడో చూపించడానికి ఆ గోర్డన్ కూతురు బార్బరాని వాడి పారేసిన తీరు నాకు నచ్చదు. నేనైతే రెకమెండ్ చెయ్యను.

సూపర్‌మ్యాన్ బోర్ అనేవాళ్ల నోరు మూయించాలంటే ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్, గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్‌లీ చేసింది. మొదటి పేజీలో నాలుగు ప్యానెల్స్, మొత్తం ఎనిమిది ఇంగ్లిష్ మాటలు, అంతే, వాడి పుట్టుక కథ అయిపోయింది. సినిమావాళ్లు దానికే అరగంట తింటారు.

మలక్‌పేట్ మాంగా:
పై అన్న చెప్పింది సగం కరెక్ట్. వాచ్‌మెన్ ఫస్ట్ వద్దంటే సరే గని గిట్ల భయపెట్టుడెందుకన్నా. ఆ టెక్స్ట్ పేజీలు మొదటిసారి స్కిప్ కొట్టు, ఏం గాదు, కథ అర్థమైతది, రెండోసారి చదువుకోవచ్చు. దాంట్ల ఐదో చాప్టర్ చూడుండ్రి, మొదటి పేజీల ప్యానెల్స్ ఎట్ల పేర్చిండో ఆఖరి పేజీల అద్దంల చూసినట్టు అట్లనే ఉంటయ్, రెండో పేజీకి చివరి నుంచి రెండో పేజీ జోడి, గట్లనే లోపలికి పోతుంటే నడిమిట్ల రెండు పేజీలు కలిపి ఒక్క ఫైట్. చాప్టర్ పేరు గూడ దానికి తగ్గట్టే పెట్టిండ్రు. ఒక దోస్తు చెప్తే మళ్ల తిరగేసి చూసిన, దిమాక్ ఖరాబయింది. సినిమాల ఇది ఎట్ల చేస్తరు? 2009ల తీసిన సినిమాకి రైటర్ అలాన్ మూర్ తన పేరు గూడ ఎయ్యొద్దన్నడు, ఊకెనే అన్నడా.

ఇగ మాంగా, అంటే జపాన్ కామిక్స్, ముచ్చట ఎవ్వలు ఎత్తరేంది. అన్నకి ఇంగ్లిష్ స్లో అంటే దానికి మందు అకిరా. కట్సుహిరో ఒటోమో 1982 నుంచి 90 దాకా గీసిండు, ఆరు లావు లావు వాల్యూమ్స్, రెండువేల పేజీల పైననే ఉంటది గని మాటలు తక్కువ, బైకులు ఉరుకుడు బిల్డింగులు కూలుడు, పేజీలు అట్ల తిరుగుతనే ఉంటయ్. సినిమా గూడ ఆయనే 1988ల తీసిండు, అప్పటికి మాంగా ఇంక అయిపోలే, అందుకే పుస్తకంల కథ చాన దూరం పోతది. థ్రిల్లర్ కావాలంటే మాన్‌స్టర్, నవోకి ఉరాసవా. ఒక డాక్టర్, ఒక పెద్దమనిషికి చెయ్యాల్సిన ఆపరేషన్ ఇడిశిపెట్టి ఒక చిన్న పిలగాన్ని బతికిస్తడు, ఆ పిలగాడు పెద్దగై మనుషుల్ని సంపుకుంట తిరుగుతడు, ఇగ డాక్టర్ వాని ఎనుక వడతడు. మొత్తం 18 వాల్యూమ్స్, రెండేసి కలిపి తొమ్మిది లావు పుస్తకాలుగ గూడ దొరుకుతది. నెలకి ఒకటి అన్నవ్ గదా, ఏడాది సీరియల్ అనుకో.

ఒసాము తెజుకా బుద్ధ గూడ మర్వకు, ఎనిమిది వాల్యూమ్స్. హుస్సేన్ సాగర్ నడిమిట్ల నిలబడ్డాయన కథనే, గని మొదలు వెట్టినంక చాన సేపు సిద్ధార్థుడు పుట్టనే పుట్టడు, ఒక బానిస పిలగాడు, ఒక కులం లేనోళ్ల పిలగాడు, వీళ్ల లొల్లి నడుస్తుంటది. సీరియస్ సీన్ నడుమ తెజుకా పిచ్చి జోకులేస్తడు. భక్తి పుస్తకం అనుకొని ఇంట్ల పెద్దోళ్ల చేతికియ్యకు, బట్టల్లేని బొమ్మలు మస్తుంటయ్.

తార్నాక టీచరమ్మ:
బాగుంది, ఇద్దరూ కలిసి మగపిల్లల అలమర మొత్తం తెరిచి చూపించేశారు 😄 కొంచెం ఇటు కూడా చూడండి బాబూ.

మీరు ఇంగ్లిష్ గురించి భయపడుతున్నారు కాబట్టి నా ఓటు షాన్ టాన్ గీసిన ది అరైవల్‌కి. 2006లో వచ్చింది, పుస్తకం మొత్తంలో చదవాల్సిన మాట ఒక్కటి కూడా ఉండదు. ఒకాయన పెళ్లాన్నీ కూతుర్నీ వదిలి పని కోసం తెలియని దేశానికి వెళ్తాడు, అక్కడ జంతువులు వింత, తిండి వింత, గోడల మీద రాతలు కూడా ఎవరికీ తెలియని లిపిలో ఉంటాయి, ఆయనకి అర్థం కాదు, మనకీ అర్థం కాదు, ఇద్దరం కలిసి తడుముకుంటాం. మా అత్తగారిది జగిత్యాల వైపు, గల్ఫ్‌కి వెళ్లిన మనుషులు ఇంటింటికీ ఉంటారు అక్కడ. నేను టేబుల్ మీద పెట్టి మర్చిపోతే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదలెట్టి, సగంలో ఆగి "గీయన పెండ్లాం పిల్ల ఆఖరికన్న ఈయన దగ్గరికి వస్తరా రారా" అని నన్నడిగి, నేను చెప్పేలోపే చివరి పేజీలకి వెళ్లిపోయారు.

మౌస్ ఎవరూ చెప్పలేదేంటి ఇంతవరకూ? ఆర్ట్ స్పీగెల్‌మన్ వాళ్ల నాన్న హిట్లర్ కాలంలో పోలండ్‌లో ఎలా బతికి బయటపడ్డాడో కొడుక్కి చెప్తుంటాడు, ఆ కొడుకు యూదుల్ని ఎలుకలుగా, జర్మన్లని పిల్లులుగా గీశాడు, 1992లో పులిట్జర్ స్పెషల్ అవార్డు ఇచ్చారు. ఇంతవరకూ అందరూ చెప్తారు. నాకు అంతకన్నా నచ్చేది ఆ తండ్రీకొడుకుల రోజువారీ గొడవలు. నాజీల చావు క్యాంపు ఆశ్విట్జ్ చూసొచ్చిన మనిషి కదా అని ఆయన్ని దేవుణ్ని చెయ్యలేదు, మహా పిసినారి, సగం తినేసిన సరుకుల డబ్బాలు షాపులో వెనక్కిచ్చి డబ్బులడుగుతాడు, కొడుకూ కోడలూ సిగ్గుతో కారులో కూర్చుండిపోతారు, మన ఇళ్లల్లో కూడా ఇలాంటి పెద్దాయన ఒకరు ఉండే ఉంటారు. ఆయన మాట్లాడేది కూడా వలస వెళ్లిన మనిషి వచ్చీరాని ఇంగ్లిషే, చిన్న చిన్న వాక్యాలు, మీకు ఇబ్బందేం ఉండదు. పెర్సెపొలిస్ కూడా అంతే సులువు, మర్జాన్ సత్రాపి ఇరాన్‌లో తన చిన్నతనం గురించి ఫ్రెంచ్‌లో చేసింది, ఉత్త నలుపు తెలుపు. 1979 విప్లవం తర్వాత స్కూల్లో ఉన్నట్టుండి ఆడపిల్లలందరికీ తలకి గుడ్డ కట్టమంటారు, అక్కడ మొదలవుతుంది. టర్కీ నుంచి కూతురి కోసం రాక్ పోస్టర్లు తేవడానికి వాళ్లమ్మ వాటిని నాన్న కోటు లోపల పెట్టి కుట్టేస్తుంది, ఆయన అది వేసుకుని బిగుసుకుపోయి ఎయిర్‌పోర్ట్ దాటతాడు. నవ్వొస్తుంది, ఆ వెంటనే గుండె జారుతుంది.

మన దేశానివి చదవకుండా ఫ్యాన్ అనిపించుకోకండి దయచేసి. భీమాయన 2011లో వచ్చింది, అంబేడ్కర్ గారు తాగడానికి నీళ్లు దొరకని చిన్నతనం, బరోడాలో ఉద్యోగానికి వెళ్తే ఉండటానికి గది ఇవ్వని రోజులు. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే ప్రధాన్ గోండ్ తెగ చిత్రకారులు బొమ్మలేశారు, వాళ్లు ఈ గళ్లగళ్ల ప్యానెల్స్ మాకొద్దన్నారు, పేజీ అంతా వాళ్ల ముగ్గుల గీతలే, రైలు పాములా పాకుతుంది. మంచి మాట మాట్లాడేవాళ్ల డైలాగ్ పిట్ట ఆకారంలో ఉంటుంది, విషం కక్కేవాళ్ల డైలాగ్‌కి తేలు కొండి ఉంటుంది! సైజు పెద్దది, ఫోన్‌లో చూడకండి, పాపం. ఓరిజిత్ సేన్ రివర్ ఆఫ్ స్టోరీస్ 1994లో నర్మద డ్యామ్ మీద చేశాడు, చాలా ఏళ్లు దొరకలేదు, 2022లో మళ్లీ వేశారు. పోలవరం ముంపు గ్రామాల వార్తలు చదివేవాళ్లకి అది పాత కథలా అనిపించదు.

గచ్చిబౌలి గుడ్లగూబ:
అయ్యబాబోయ్ ఇంత చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. టీచరమ్మ గారూ ది అరైవల్ ఖాయం. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, హైదరాబాద్‌లో ఇవి తక్కువకి ఎక్కడ దొరుకుతాయి? రెండు, ఇయర్ వన్ యాభై పేజీలు ఫ్రెండ్ ట్యాబ్‌లో ఇరవై నిమిషాల్లో అయిపోయాయి, ఇంత డబ్బు పెట్టి గంటలో అయిపోతే ఎలా అనిపిస్తుంది, నేనేమన్నా తేడాగా చదువుతున్నానా?

కోఠి కబాడీ:
రెండోదానికి ముందు చెప్తా. డైలాగులు మాత్రమే చదివి పేజీ తిప్పుతున్నావ్ తమ్ముడూ, సినిమా సబ్‌టైటిల్స్ అలవాటు అది. చందమామలో విక్రమార్కుడు బేతాళుణ్ని భుజాన వేసుకుని నడిచే శంకర్ గారి బొమ్మ ఎంతసేపు చూసేవాడివి చిన్నప్పుడు? కథ ముందే తెలిసినా చూసేవాడివా లేదా? అలాగే చూడు. స్కాట్ మెక్‌క్లౌడ్ అని ఒకాయన 1993లో అండర్‌స్టాండింగ్ కామిక్స్ అని పుస్తకం రాశాడు, కామిక్స్ ఎలా పనిచేస్తాయో కామిక్ రూపంలోనే చెప్తాడు. అందులో ఒక ప్యానెల్‌లో ఒకడు గొడ్డలెత్తుతాడు, పక్క ప్యానెల్‌లో రాత్రి ఊరు, ఒక కేక. నరకడం ఎక్కడా గీయలేదు, ఆ మధ్యలో ఉన్న తెల్ల సందులో నరికింది చదివే నువ్వే అంటాడు. అది చదివాక ఇయర్ వన్ మళ్లీ తిరగెయ్, గంట పడుతుంది.

ఇక దొరికే చోటు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, పొద్దున్నే వెళ్లు, ఎండెక్కితే మంచివి పోతాయి. ఆశలు మరీ పెట్టుకోకు, అక్కడ ఎక్కువ దొరికేవి ఆర్చీలు, పాత టింకిల్స్, ఇంద్రజాల్ కామిక్స్ దొరికిందంటే అమ్మేవాడికి దాని విలువ నీకన్నా బాగా తెలుసు, 1990లో ఆగిపోయిన సిరీస్ కదా, బేరం ఆడినా పెద్దగా దిగడు. అమెరికన్ సింగిల్ ఇష్యూలు కట్టలుగా పోసి ఉంటాయి, రేటు చూసి టెంప్ట్ అవ్వకు, ఏదో కథలో మూడో భాగం నీ చేతికొస్తుంది, మొదటిది ఈ జన్మలో దొరకదు. కలిపి వేసిన పుస్తకమే తీసుకో. కొనేముందు మధ్య పేజీలు ఉన్నాయో లేదో తిరగేసి చూడు, వాడేం అనుకోడు. డిసెంబర్ ప్రాంతంలో బుక్ ఫెయిర్ పెట్టినప్పుడు సెకండ్ హ్యాండ్ స్టాళ్లల్లో గ్రాఫిక్ నావెల్స్ బానే వస్తాయి, మౌస్ లాంటివి నవలల మధ్యలో ఇరికించి ఉంటాయి, అడిగితే లేవంటారు, మనమే వెతుక్కోవాలి. కొత్తవి అయితే ఆన్‌లైన్లోనే, రేట్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, నచ్చినవి లిస్టులో పెట్టుకుని తగ్గినప్పుడు నొక్కు. ట్యాబ్ పర్లేదు, ఫోన్ వద్దు, ఒక్కో ప్యానెల్ పెద్దది చేసి చూపించే ఆప్షన్ ఉంటుంది చూడు, అది పెట్టుకుంటే మలక్‌పేట్ తమ్ముడు చెప్పిన ఆ అద్దం పేజీలు నీకు కనపడనే కనపడవు.

సైనిక్‌పురి స్నోయి:
యూరప్ కామిక్స్ టిన్‌టిన్, ఆస్టెరిక్స్ లేకుండా ఇంత పెద్ద థ్రెడ్డా, సిగ్గుచేటు. టిన్‌టిన్ ఇన్ టిబెట్ చదవండి, విలనే లేడు, ఫ్రెండ్ బతికే ఉన్నాడని ఒక్కడు నమ్మి మంచుకొండలెక్కుతాడు, అంతే కథ. దారిలో ఢిల్లీలో దిగి కుతుబ్ మినార్ చూసి, రోడ్డుకి అడ్డం పడుకున్న ఆవుతో కెప్టెన్ హాడక్ పడే పాట్లు ఉంటాయి, 1960 నాటి పుస్తకం, ఆవులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

చిక్కడపల్లి బొమ్మలోడు:
స్నోయి గారూ ఒప్పుకున్నాం. నాకు కడుపుమంట ఇంకోటి, తమిళంలో లయన్, ముత్తు కామిక్స్ అని శివకాశి నుంచి దశాబ్దాలుగా వేస్తున్నారు, ఇటాలియన్ కౌబాయ్ టెక్స్ విల్లర్‌కి అక్కడ మామూలు ఫ్యాన్స్ లేరు. బాపు, వడ్డాది పాపయ్య లాంటి వాళ్ల బొమ్మలు చూస్తూ పెరిగిన మనకి తెలుగులో పెర్సెపొలిస్ కావాలంటే ఎవర్నడగాలో తెలీదు.

మలక్‌పేట్ మాంగా:
ఎవడన్న ఏస్తే మొదటి కాపీ నేనే కొంట. గుడ్లగూబ అన్నా, మాన్‌స్టర్ మొదటి రెండు పుస్తకాలు నాకాడ ఉన్నయ్, ఈ ఆదివారం అబిడ్స్ వస్తే పట్టుకొస్త, చదివి ఇచ్చెయ్. పేజీ మూల మడ్తపెడ్తే మాత్రం మూడోది ఇయ్య.